నలభై జెండాల బతుకమ్మ

పార్టీల్లో నన్ను పరిచయం చేయాల్సి వచ్చినప్పుడల్లా మా ఆయన గొంతు కాస్త తగ్గేది. "మా ఆవిడ రోడ్స్ సైడ్‌లో పనిచేస్తుంది" అని మాట తప్పించేవాడు. నేను మాత్రం ఊరుకునేదాన్ని కాదు. రోడ్ల పక్కన కలుపు పీకుతాను, పూలు పెంచుతాను అని చెప్పేదాన్ని. ఒకావిడ నిజంగానే "అది ఏ టెక్నాలజీ మీద అక్కా?" అని అడిగింది. మట్టి మీద అన్నాను. ఆవిడ మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కనిపించినప్పుడు, ఏదైనా సలహా చెప్పండి ఆంటీ అంటారు. నా దగ్గర సలహాలేం లేవమ్మా. ఒక దొంగతనం కథ ఉంది. అందులో సొమ్ము పోగొట్టుకున్నదీ నేనే, దొంగలకు దారి చూపించిందీ నేనే. వినే ఓపిక ఉంటే కూర్చోండి.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో అయి ఉంటుంది. అరిజోనాలో, ఫీనిక్స్‌కు కాస్త అవతల, రోడ్ల పక్కన చెట్టూ చేమా చూసుకునే ఒక సంస్థలో నాది టెంపరరీ ఉద్యోగం. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్లయి, పిల్లల్ని పెంచి, నలభై దాటాక దొరికిన ఉద్యోగం అది. నారింజ రంగు చొక్కా, నెత్తిన టోపీ, పక్కన నీళ్ల క్యాను. ఎండ నూటపది ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటిన రోజుల్లో తెల్లారుజామునే సైటుకి వెళ్లి పదింటికల్లా తిరిగొచ్చేవాళ్లం. నాకు ఆ పనంటే ప్రాణం.

అక్కడి ఎడారిలో డెజర్ట్ మారిగోల్డ్ అని ఒక మొక్క ఉంది. పేరులో బంతి ఉన్నా, చూడ్డానికి మన చామంతిలాగే ఉంటుంది, కుటుంబమూ అదే. ఆకులన్నీ బూడిద రంగు నూగుతో నేలకు కరుచుకుని ఉంటాయి. మధ్యలోంచి జానెడు ఉత్త కాడ లేస్తుంది, దాని కొసన ఒక్కటే పువ్వు, కళ్లు జిగేల్మనే పసుపు. వాడినా రేకులు రాలవు, కాగితాల్లా అలాగే అంటుకుని ఉంటాయి. వాన పడితే పూస్తుంది, పడకపోతే ఓపిక పడుతుంది. ఎవరి దయా అక్కర్లేదు దానికి. అందుకే నాకు నచ్చింది.

దాని విత్తనం రోడ్ల పక్కన చల్లాలని నేను, గులకరాళ్లు పోయాలని పై ఆఫీసు ఇంజనీరు. ఆయనకు రాళ్లంటే ఎంత ప్రేమో చెప్పలేను. రాళ్లకు నీళ్లు అక్కర్లేదు, రాళ్లు ఎండిపోవు, రాళ్లు సెలవులు అడగవు అని మీటింగుల్లో నా వైపు చూస్తూ అనేవాడు. మధ్యలో మా బాస్. అరవై దగ్గరపడిన అమెరికన్ పెద్దాయన, మాట తక్కువ. ఆయనే ఇద్దరికీ సర్ది చెప్పి, హైవే దిగే ఒక ఎగ్జిట్ పక్కనున్న పావు మైలు మట్టికట్టను నాకు మూడేళ్లు ఇప్పించాడు. మూడో ఏడు ఇంజనీరు వచ్చి చూస్తాడు. పువ్వు నిలబడితే ఆ చుట్టుపక్కల రోడ్లన్నిటికీ అదే విత్తనం, నా ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే రాళ్లు, నేను ఇంటికి.

పెద్దాయన గురించి ఇంకో మాట చెప్పాలి. ఆయన పనిలో తప్పు క్షమిస్తాడు గానీ అబద్ధం క్షమించడు. మొదటి ఏడాది నేను విత్తనాన్ని మరీ లోతుగా వేసి మొత్తం చంపేశాను. "అలా వేయకూడదని ఇప్పుడు మనిద్దరికీ తెలిసింది" అని ఊరుకున్నాడు. అదే ఏడాది ఒకతను వెళ్లని సైటుకి వెళ్లినట్టు రాస్తే, ఆ మధ్యాహ్నమే ఇంటికి పంపేశాడు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

మూడో ఏడు ఆగస్టులో వానలు బాగా పడ్డాయి. సెప్టెంబరుకల్లా కట్టంతా పసుపు. నేను గజం గజం చొప్పున నలభై చదరాలు గుర్తించి, ఒక్కో దాంట్లో సన్నటి ఇనుప పుల్లకు కట్టిన నారింజ రంగు జెండా గుచ్చాను. జెండాకో నంబరు. ఇంజనీరు వచ్చినప్పుడు ఆ చదరాల్లో పూసిన మొక్కలు లెక్కపెడతాడు. ఆ తనిఖీ ఒక సోమవారానికి ఖాయమైంది.

దానికి వారం ముందు ఒకరింట్లో పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చుకునే విందు. మా ప్రెసిడెంటక్క కూడా వచ్చింది. ఆమెను ఎవరూ దేనికీ ఎన్నుకోలేదు, కానీ మా ఊరి తెలుగు ఆడవాళ్లందరికీ ఆమే ప్రెసిడెంటు. కరీంనగర్ వైపు మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆ శనివారమే పార్కులో సద్దుల బతుకమ్మ. తంగేడు పువ్వు లేదు, గునుగు లేదు, ఏటా స్టోర్లో కొన్న చామంతులతో పేర్చాల్సి వస్తోందని అక్క బాధపడుతోంది. ఆ పక్కనే ఎవరో, ఇంకా ఆ గడ్డి ఉద్యోగమే చేస్తున్నావా అని నన్ను అడిగారు.

అక్కడ నాకు రోషం వచ్చింది. నోరు జారడానికి అదొక్కటి చాలు. గడ్డి కాదమ్మా, ఫలానా ఎగ్జిట్ దిగి కుడివైపు చూడండి, తంగేడును తలదన్నే పసుపు పావు మైలు పొడవునా నేను పూయించాను, జెండాలు కూడా పెట్టాను అని చెప్పాను. గొప్పలకు పోయి ఎగ్జిట్ నంబరు కూడా చెప్పాను. అక్క నా ప్లేట్లో ఇంకో గారె వేసింది. ఆ గారె ఎందుకు వేసిందో నాకు శనివారం గానీ అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం పట్టుచీర కట్టుకుని, స్టోర్లో కొన్న పది డాలర్ల పూలతో జానెడు బతుకమ్మ పేర్చుకుని పార్కుకి వెళ్లాను. మధ్యలో ప్రెసిడెంటక్క బతుకమ్మ నా నడుము దాటి ఉంది. కింద నుంచి పై దాకా వరుస మీద వరుస, అంతా పసుపు. ఆడవాళ్లందరూ దాని చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎంత బాగుందో అనుకుంటూ దగ్గరికి వెళ్లాను. కాడకు బూడిద రంగు నూగు కనిపించింది. తలెత్తి చూస్తే పైన పసుపు గౌరమ్మ, ఆ గౌరమ్మ చుట్టూ కిరీటంలా నారింజ రంగు జెండాలు. పదిహేడో నంబరు నా వైపే తిరిగి ఉంది.

కంచే చేను మేసిందని అంటారే, ఇక్కడ కంచె ఊరంతటినీ పిలిచి మరీ మేపింది. అక్కను చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, ఈ పూలెక్కడివని అడిగాను. ఆమె ముఖంలో వెలుగు చూడాలి.

"నీ తోటలయే చెల్లె. నిన్న పొద్దుగాల ఎనమండుగురం మూడు వ్యాన్లేస్కొని పోయినం. జెండాలు పెట్టి నువ్వే మాకు గుర్తు చూపెట్టినవు గద, జెండాలున్న జాగలనే ముందుగాల కోసినం. ఒక్క పువ్వు ఇడవలే."

ఆమె తప్పేమీ లేదు. మన దగ్గర పూలున్న చోటు ఎవరైనా చెప్పారంటే, వచ్చి కోసుకోమనే కదా. పైగా చెట్టు బతకాలని వేళ్లు కదలకుండా కత్తెరతో కాడ సగానికి కోశారట. ఎంత మర్యాదగల దొంగలో చూడండి. సోమవారం సంగతి, నా ఉద్యోగం సంగతి చెప్పాను. రోడ్డు పక్కన పువ్వు తుంచితే ఫైన్ వేస్తారని కూడా చెప్పాను. ఆ ఎనమండుగురిలో కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి అక్కడికక్కడే ఏడుపు మొదలుపెట్టింది, "మా ఆయన గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందక్కా" అని. ప్రెసిడెంటక్క మాత్రం రెండు నిమిషాలు ఆలోచించి, ముందు ఆడదాం, తర్వాత చూద్దాం, గౌరమ్మను నిలబెట్టి పంచాయితీ పెట్టొద్దు అని తేల్చేసింది.

నేను నా మూడేళ్ల కష్టం చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగాను. అలా తిరుగుతూనే జెండాలు లెక్కపెట్టాను. నలభైకి నలభై ఉన్నాయి. చివర్లో పిల్లలు ఈతకొట్టే ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు నింపి బతుకమ్మలన్నీ అందులో వదిలారు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నేను మోకాళ్ల మీద కూర్చుని జెండాలు ఏరుకున్నాను. అక్క వాళ్లు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పంచుతున్నారు. పార్కులో కుక్కల్ని తిప్పుకుంటున్న వాళ్లను కూడా వదలకుండా ప్లేట్లలో పెట్టి ఇస్తున్నారు.

ఆదివారం పొద్దున నేనూ, ప్రెసిడెంటక్కా, మా ట్రాక్టర్ డ్రైవరూ కట్ట దగ్గర కలిశాం. ఆ డ్రైవర్ మెక్సికో నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు, ఆఫీసులో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. మూడేళ్లుగా ఆ కట్ట మీదికి ట్రాక్టర్ పోనివ్వకుండా కాపలా కాసినవాడు. బోడి కాడలు చూసి టోపీ తీసేశాడు. సంగతి విన్నాక కిందకూర్చుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. వాళ్లమ్మ కూడా పండగకి బంతిపూల కోసం ఊరంతా తిరిగి కోసేదట. అక్కకు ఇంగ్లీషు అంతంత మాత్రం, అతనికి తెలుగు సున్నా. అయినా పది నిమిషాల్లో ఇద్దరూ ఒక పార్టీ అయిపోయారు.

జెండాలైతే కన్నాలు వెతుక్కుని మళ్లీ గుచ్చాం. మరి పూలు? అక్క వ్యాన్ వెనక తలుపు తీసింది. స్టోర్లో ఉన్న పసుపు చామంతులన్నీ కొనుక్కొచ్చింది. దారంతో కాడలకు కట్టేద్దాం, దూరం నుంచి ఎవరికీ తెలవదు అంటుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఒక చదరంలో కట్టాం కూడా. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. గుండు చేయించుకున్న పెళ్లికూతురికి సవరం పెట్టినట్టుంది. నాకే నవ్వొచ్చింది. అన్నీ విప్పేశాం. ఇక మిగిలింది ఒక్కటే మార్గమని డ్రైవర్ అన్నాడు. కుందేళ్లు. ఎడారి నిండా కుందేళ్లే, వాటి తరఫున ఏ వకీలూ రాడు.

సోమవారం పొద్దున ఏడింటికి ఇంజనీరు చేతిలో ఫారంతో దిగాడు. పెద్దాయనా, ట్రాక్టర్ మీద మా డ్రైవరూ వెనకే వచ్చారు. నలభై జెండాలు గాలికి రెపరెపలాడుతున్నాయి, వాటి కింద ఒక్క పువ్వు లేదు. పెద్దాయన నా వైపు తిరిగి ఏం జరిగిందని అడిగాడు.

నిజం చెబుదామనే నోరు తెరిచాను, ఒట్టు. కళ్ల ముందు ఆ గ్రీన్ కార్డ్ అమ్మాయి ఏడుపు, సైటుకి వెళ్లకుండానే వెళ్లినట్టు రాసినవాడి ఖాళీ కుర్చీ, మా ఆయన తగ్గించే గొంతు అన్నీ ఒకేసారి కనిపించాయి.

"కుందేళ్లు" అన్నాను.

"ఎన్ని?" అన్నాడు పెద్దాయన.

నేను దానికి సిద్ధంగా లేను. "ఎనిమిది" అన్నాను.

ట్రాక్టర్ డ్రైవర్ దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. పెద్దాయన మోకాలు వంచి కూర్చుని, ఒక కాడ వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఆయన నాకు నేర్పిన పాఠం అది. కుందేలు కొరికితే కాడ ఏటవాలుగా, కలం పాళీలా తెగుతుంది. నా కాడలన్నీ అడ్డంగా, తిన్నగా, కత్తెరతో తెగి ఉన్నాయి. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన లేచి, ఒక మొక్కను మెల్లగా లాగి చూశాడు. అది కదల్లేదు. వేరు గట్టిగా ఉంది.

తర్వాత ఇంజనీరును ట్రాక్టర్ వెనక్కి తీసుకెళ్లాడు. పది నిమిషాలు ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. నన్ను తీసేసే ఉత్తరం రాసేస్తున్నారనుకున్నాను. తిరిగొచ్చినప్పుడు ఇంజనీరు పెదాలు బిగించి ఉన్నాడు, ముఖం ఎర్రగా ఉంది. మూడు వారాల తర్వాత మళ్లీ వస్తానని మాత్రం చెప్పి కారెక్కాడు.

ఆ మూడు వారాలు నేను అన్నం తిన్నానని చెప్పను, కతికాను. రోజూ పని కాగానే కట్ట దగ్గరికి వెళ్లి మొక్క మొక్కనూ పలకరించేదాన్ని. పదిరోజుల దాకా ఏమీ లేదు. ఒక సాయంత్రం గాలిదుమ్ముతో పాటు గట్టి వాన పడింది. ఆ తర్వాత తెగిన కాడ పక్కన ఒకటికి రెండు, రెండుకి మూడు మొగ్గలు. విత్తనం కట్టే పని తప్పేసరికి మొక్కలు మళ్లీ పూత మీద పడ్డాయి. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ మాత్రం తెలియదా అంటే, తెలుసు, కానీ భయంలో చదువు గుర్తురాదు. ఇంజనీరు వచ్చిన రోజుకి నలభై చదరాల్లో ముప్ఫై ఏడు పూశాయి, అంతకు ముందుకన్నా చిక్కగా. ఆయన ఫారం నింపి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఉద్యోగం పర్మనెంటైంది. సెప్టెంబరు చివర ఒకసారి పూలు కోయించాలని మా పనుల పుస్తకంలో ఒక లైను కూడా చేరింది. దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తలు ఎనమండుగురూ అప్పుడు ఫైన్ పడుతుందని ఫోన్లు ఎత్తడం మానేసి ఉన్నారు.

కానీ ఆ అబద్ధం నాకు అరగలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే కావచ్చు, కానీ ఇంటిదొంగకు నిద్ర పట్టదని కూడా ఎవరైనా చెప్పాల్సింది. నన్ను నమ్మి, ఇంజనీరు దగ్గర మూడు వారాల గడువు అడుక్కున్న మనిషికి నేను కుందేళ్ల లెక్క చెప్పాను. పైగా ఏటా దసరా వారంలో ఒక పొద్దున నా టేబుల్ మీద ఒక క్యారెట్ ఉండేది. డ్రైవర్ చిలిపిపని అనుకుని అతన్ని తిట్టేదాన్ని. అతను ఒట్టు పెట్టేవాడు, నేను నమ్మేదాన్ని కాదు.

నాలుగేళ్ల తర్వాత పెద్దాయన రిటైరయ్యాడు. వీడ్కోలు రోజు కేకు తిన్నాక ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేశాను. కుందేళ్లు లేవు, మా వాళ్లే పండక్కి కోశారు, నేను అబద్ధం చెప్పాను, నన్ను క్షమించండి అన్నాను. మాట పూర్తయ్యేలోపు ఏడ్చేశాను కూడా. ఆయన తన సామాను డబ్బాలో సర్దుకుంటూనే ఉన్నాడు.

"ఆ బెల్లం ఉండ చాలా బాగుంది" అన్నాడు. "మా కుక్క రెండోది కూడా తినేసింది."

ఆ పార్కు వాళ్లింటికి రెండు వీధుల అవతలట. శనివారం సాయంత్రం కుక్కను తిప్పుతుంటే, చీరకట్టుకున్న ఒక పెద్దావిడ చేతిలో ప్లేటు పెట్టిందట. తలెత్తి చూస్తే తన ఆఫీసు జెండాలు పూలగోపురం మీద ఎగురుతున్నాయి, వాటి చుట్టూ నేను చప్పట్లు కొడుతూ తిరుగుతున్నాను. చాలా అందంగా ఉంది, ఆపబుద్ధి కాలేదు అన్నాడు. మరి నన్నెందుకు ఇంటికి పంపలేదని అడిగాను. సోమవారం నేను కాగితం మీద ఏమి రాస్తానో చూద్దామనుకున్నాడట. నేను నోటితో కుందేళ్లన్నాను గానీ, ఆ మధ్యాహ్నం ఇచ్చిన నా రిపోర్టులో మాత్రం చేయి రాక కారణం గడిని ఖాళీగా వదిలేశాను. ఆ గడి తానే నింపానని చెప్పి, ఫైళ్ల బీరువాలో మూడో అర వైపు చూపించి, డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఫైలు తీశాను. కారణం అన్నచోట ఆయన గుండ్రటి చేతిరాత. మనుషులు పండగకు కోసుకెళ్లారని ఉంది. దాని కింద ఇంకో రెండు వాక్యాలు. ఇరవై ఏళ్లుగా ఈ రోడ్ల పక్కన గులకరాళ్లు పోయిస్తున్నాం. ఇంతవరకు ఒక్క రాయిని కూడా ఎవరూ దొంగిలించలేదు. కింద రెండు సంతకాలున్నాయి, పెద్దాయనదీ, గులకరాళ్ల ఇంజనీరుదీ. తేదీ ఆ సోమవారానిదే. ట్రాక్టర్ వెనక ఇంజనీరు బిగించుకున్నది కోపం కాదు, నవ్వు. నాలుగేళ్లు తెలియనిదల్లా నాకొక్కదానికే.

చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. సాయంత్రం ప్రెసిడెంటక్కకు ఫోన్ చేసి, భయం లేదు, అంతా వాళ్లకు ముందే తెలుసు అని మొత్తం చదివి వినిపించాను. అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఆమె కూడా ఏడుస్తోందనుకున్నాను.

"గట్లనా" అంది అక్క. "మరి ఈ ఏడు జెండాలు ఎప్పుడు పెడుతవే?"